అద్దె ఇల్లు, చిన్న పెట్టుబడి: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో లెక్కలు, పత్రాలు, ఒప్పందాలు

9.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు అద్దెకు ఇచ్చే ఇంటిపై వచ్చే నికర రాబడిని స్వయంగా లెక్కగట్టగలుగుతారు. స్థలం కొనే ముందు ఏయే రికార్డులు చూడాలో, ఎందుకు చూడాలో వివరించగలుగుతారు. నెలవారీ అద్దెకూ భోగ్యానికీ ఉన్న ఆర్థిక, చట్టపరమైన తేడాను చెప్పగలుగుతారు. అద్దె ఆదాయంపై పన్ను లెక్కలోని ప్రధానాంశాలను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

గత పాఠంలో బ్యాంకు డిపాజిట్లు, చిట్టీలు, బంగారం గురించి చదివారు. దక్షిణ రాయలసీమలో మధ్యతరగతి కుటుంబం దాచుకొన్న సొమ్ములో పెద్ద భాగం వీటిలోకి పోదు. స్థలంలోకో, ఇంటిలోకో పోతుంది. రిటైరైన ఉపాధ్యాయుడు, ఆర్.టి.సి. కండక్టరు, గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి తిరిగివచ్చిన మనిషి, టమోటా ధర కలిసివచ్చిన ఏడాది నాలుగు రూపాయలు మిగిల్చుకొన్న రైతు - వీళ్లంతా ఏదో ఒకనాడు 'తిరుపతిలో ఒక ఇల్లు వేసుకొంటే అద్దెలు వస్తాయి' అని అనుకొన్నవాళ్లే. ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన ఆలోచన కాదు. ఈ ఊళ్లో అద్దె ఇంటికి గిరాకీ నిజంగానే ఉంది. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్, రుయా ఆసుపత్రులు, తిరుమల తిరుపతి దేవస్థానం ఉద్యోగులు, 2015లో మొదలై ఏర్పేడు వైపు విస్తరించిన ఐ.ఐ.టి., ఐసర్ సంస్థలు, రేణిగుంట పరిశ్రమలు, అన్నీ కలిసి ఏటా కొత్త అద్దెదారులను తెస్తాయి. చిత్తూరు పట్టణం వేరు. అక్కడ అద్దెదారుల్లో ప్రభుత్వోద్యోగులు, వ్యాపారులు ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా కావడంతో కొన్ని జిల్లా కార్యాలయాల పని కూడా రెండు చోట్లకూ పంచుకొన్నట్లయింది.

అయితే గిరాకీ ఉండడం ఒక మాట, పెట్టుబడి గిట్టుబాటు కావడం మరో మాట. ఈ పాఠంలో ఎక్కువ భాగం ఈ రెండో దాని గురించే.

9.2 కొలత దగ్గరే మొదలయ్యే తేడా

తిరుపతిలో ఇంటి స్థలం ధర అంకణాల్లో చెబుతారు. ఇక్కడి వాడుకలో అంకణం అంటే ఆరడుగులకు ఆరడుగులు, అంటే 36 చదరపు అడుగులు, లేదా 4 చదరపు గజాలు. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు. నేటి తిరుపతి జిల్లాలో నాయుడుపేట, సూళ్లూరుపేట వంటి పాత నెల్లూరు జిల్లా ప్రాంతాలు కలిసి ఉన్నాయి కనుక ఒకే జిల్లాలో ఒకే మాటకు రెండు అర్థాలు వినిపిస్తాయి. సెంటు మాత్రం ఎక్కడైనా 435.6 చదరపు అడుగులే. తిరుపతి లెక్కలో అది 12.1 అంకణాలు. 'అంకణం ఇంత' అని ఎవరైనా చెప్పగానే దాన్ని చదరపు గజం ధరలోకి మార్చుకొని చూడండి. దస్తావేజులో ఎలాగూ గజాలో, మీటర్లో రాస్తారు. బేరం ఒక కొలతలో, రాత మరో కొలతలో జరిగినచోటే తగాదాలు పుడతాయి.

9.3 హక్కు పరిశీలన

మన దేశంలో రిజిస్ట్రేషను అమ్మకపు పత్రాన్ని నమోదు చేస్తుంది; అమ్మినవాడికి నిజంగా హక్కు ఉందని ప్రభుత్వం హామీ ఇవ్వదు. ఈ స్థితిని మార్చడానికి చేసిన ఆంధ్రప్రదేశ్ భూమి హక్కుల చట్టం, 2022 (ల్యాండ్ టైట్లింగ్ చట్టం) తీవ్ర వివాదానికి గురై 2024లో రద్దయింది. కాబట్టి పరిశీలన భారం పూర్తిగా కొనేవాడిదే. 'సబ్ రిజిస్ట్రార్ రిజిస్టరు చేశాడు కదా' అన్న ధీమా ఎంతమంది పొదుపును మింగిందో లెక్కలేదు.

మొదట చూడవలసింది రుణభార ధ్రువపత్రం, వాడుకలో ఇ.సి. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరు రికార్డుల్లో ఇది 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందు కాలానికి కార్యాలయంలో పుస్తకాలు వెతికించుకోవాలి. ఇ.సి.లో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటగా జరిగిన భాగపరిష్కారం, కోర్టులో నడుస్తున్న దావా, పదకొండు నెలల అద్దె ఒప్పందం ఇందులో ఉండవు. అందుకే లింకు దస్తావేజులన్నీ వరసగా చదవాలి. ఇంటికి వెళ్లి ఎవరు ఉంటున్నారో చూడాలి. అమ్మేవాళ్ల కుటుంబంలో ఎవరెవరున్నారో కనుక్కోవాలి. ఆడపిల్లల వాటాను చాలామంది మరచిపోతారు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన సవరణ ద్వారా అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ హక్కును కుమార్తెలందరికీ విస్తరింపజేసింది. పిత్రార్జితమైన ఇంటిని అన్నదమ్ములు మాత్రమే సంతకాలు చేసి అమ్ముతుంటే, అక్కచెల్లెళ్ల సంతకాలు ఎక్కడని అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

రెండోది, 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ కింద ఉన్న నిషేధిత భూముల జాబితా. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, భూపరిమితి చట్టం కింద మిగులుగా తేలినవి ఇందులో ఉంటాయి. పేదలకు పంచిన అసైన్డ్ భూమిని కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై లబ్ధిదారులకు పూర్తి హక్కు ఇస్తూ 2023లో సవరణ వచ్చింది. కానీ అలా విముక్తి పొందిన భూముల రిజిస్ట్రేషన్లను 2024లో ఆపి విచారణ చేపట్టారు. చట్టం మారిందన్న వార్త చదివి అడ్వాన్సు ఇచ్చేసినవాళ్ల పరిస్థితిని ఊహించండి.

తిరుపతికి ప్రత్యేకమైన చిక్కు మఠం, దేవస్థానం భూములు. 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ నిర్వహణ హథీరాంజీ మఠం మహంతుల చేతుల్లో ఉండేది. ఆ మఠానికి తిరుపతిలోనూ చుట్టుపక్కలా భూములున్నాయి. వాటిపై ఆక్రమణల వివాదాలు చాలాకాలంగా సాగుతున్నాయి. 1987 దేవాదాయ చట్టం సెక్షన్ 80 ప్రకారం ధార్మిక సంస్థ స్థిరాస్తిని ముందస్తు అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. ఇటువంటి స్థలాన్ని తెల్లకాగితంపైనో, నోటరీ చేయించిన పత్రంపైనో మార్కెట్ ధరలో సగానికే ఇస్తామంటారు. సగం ధరకు రావడమే దాని చరిత్ర చెబుతుంది. ఇల్లు కట్టుకొని ఇరవై ఏళ్లు ఉన్నా దానిపై బ్యాంకు రుణం రాదు, చట్టబద్ధంగా అమ్మడం కుదరదు.

ఇక పాత చిత్తూరు జిల్లా రికార్డుల సంగతి. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు వంటి జమీందారీల కింద ఉండిన గ్రామాల్లో హక్కు మూలం 1948 ఎస్టేటుల రద్దు చట్టం తరవాత ఇచ్చిన రైత్వారీ పట్టాలో ఉంటుంది. రీసెటిల్మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండవలసిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములున్నాయి. వాడుకలో చుక్కల భూములు. పన్నెండేళ్లకు మించిన అనుభవం ఉన్నవారికి వీటిని క్రమబద్ధీకరించడానికి 2017లో ప్రత్యేక చట్టం చేశారు. 1911 దాకా ఈ ప్రాంతంలో పెద్ద భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసుకు పోయింది. అందువల్ల నగరి, సత్యవేడు సరిహద్దుల్లో పాత దస్తావేజు తమిళంలో ఉండడం వింత కాదు. చదవడం రాకపోతే చదవగలవారితో అక్షరం అక్షరం చదివించుకోవాలి. 'అందులో ఏమీ లేదులే' అన్న అమ్మకందారు మాట మీద వదిలేయకూడదు.

కాగితాల నకళ్ల విషయంలో ఒక హెచ్చరిక. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో భూముల దస్త్రాలు కాలిపోయాయి. కార్యాలయంలో ఉంది కదా అని ఊరుకోకుండా అడంగల్, 1-బి, ఎఫ్.ఎం.బి. పటం, పాత ఉత్తర్వుల ధ్రువీకృత ప్రతులు మీ దగ్గరే ఉంచుకోండి.

జి.పి.ఎ. మీద కొనే అలవాటు కొంత తగ్గినా పోలేదు. అమ్మకపు ఒప్పందం, జి.పి.ఎ., వీలునామా కలిపినా యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. లేఔటు ప్లాటయితే తుడా (చిత్తూరు జిల్లాలో సంబంధిత పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదం ఉందో లేదో చూడాలి. 500 చదరపు మీటర్లు మించిన లేఔటు, ఎనిమిదికి మించిన అపార్టుమెంట్లున్న ప్రాజెక్టు 2016 రెరా చట్టం కింద నమోదై ఉండాలి. ఆ చట్టం ప్రకారం రిజిస్టరయిన ఒప్పందం లేకుండా బిల్డరు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1: ఇ.సి.లో కనిపించని హక్కులు ఏవి? వాటిని తెలుసుకోవడానికి మీరు ఏం చేస్తారు?

9.4 రాబడి లెక్క

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. తిరుపతి శివార్లలో కింద ఒకటి, పైన ఒకటిగా రెండు పోర్షన్లున్న ఇల్లు 60 లక్షలకు కొన్నారనుకొందాం. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం. అంటే 4,50,000. బ్రోకరు కమీషను 60,000, రంగులు, మోటారు, చిల్లర మరమ్మతులు 90,000. మొత్తం పెట్టుబడి 66 లక్షలు. చాలామంది 60 లక్షల దగ్గరే లెక్క ఆపేస్తారు.

పోర్షను అద్దె నెలకు 9,000 చొప్పున రెండింటికి 18,000, సంవత్సరానికి 2,16,000. విద్యార్థులు, చిన్న ఉద్యోగులు ఉండే ఇళ్లు వేసవిలో ఖాళీ అవుతాయి. ఒక్కో పోర్షను ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకొంటే 18,000 పోయి 1,98,000 మిగులుతుంది. ఆస్తిపన్ను 12,000, మరమ్మతులు, ట్యాంకు శుభ్రం, మోటారు రిపేరు కలిపి 18,000 తీసివేస్తే నికరంగా చేతికి వచ్చేది 1,68,000. పెట్టుబడిపై ఇది సుమారు 2.5 శాతం.

ఇందులో 40 లక్షలు 9 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గృహరుణం అనుకొంటే నెలవాయిదా సుమారు 36,000. నికర అద్దె నెలకు 14,000. మిగతా 22,000 ప్రతి నెలా జీతంలోంచి పోవాలి. 'అద్దెలతోనే అప్పు తీరిపోతుంది' అన్న మాట ఎంత నిజమో ఈ లెక్క చెబుతుంది. అలాంటప్పుడు జనం ఎందుకు కొంటున్నారు? ధర పెరుగుతుందన్న ఆశతో. అంటే అద్దె ఇల్లు పేరుతో మనం నిజానికి భూమి ధర మీద పందెం కాస్తున్నాం. ధర పెరగవచ్చు, చాలా చోట్ల పెరిగింది కూడా. కానీ పెరిగిన ధర అమ్మినరోజే డబ్బు అవుతుంది; నెలవాయిదా మాత్రం ప్రతి నెలా అయిదో తేదీకే వస్తుంది. ఇంట్లో ఒకరి ఉద్యోగం పోయినా, ఒకరు ఆసుపత్రి పాలయినా ఆ 22,000 ఎక్కడినుంచి వస్తుందో కొనే ముందే రాసిపెట్టుకోవాలి. ఇల్లు ఒక గది చొప్పున అమ్ముకోవడం కుదరదు.

ఉదాహరణలో అప్పు లేకపోతే? అప్పుడు నెలవాయిదా బెడద ఉండదు, కానీ 66 లక్షలు డిపాజిట్‌లో ఉంటే వచ్చే వడ్డీని వదులుకొన్నట్లే. దీన్నే అర్థశాస్త్రంలో అవకాశ వ్యయం అని మొదటి సంవత్సరంలో చదివారు.

9.5 అద్దెనా, భోగ్యమా?

ఈ ప్రాంతంలో 'ఇల్లు భోగ్యానికి ఇవ్వబడును' అన్న బోర్డు చూసే ఉంటారు. కొందరు దీన్నే లీజు అంటారు. అద్దెదారు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తాడు, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉంటాడు, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వడ్డీ లేకుండా తిరిగి తీసుకొంటాడు. పై ఉదాహరణలోని ఒక పోర్షను 7 లక్షల భోగ్యానికి పోయిందనుకొందాం. వదులుకొన్న అద్దె సంవత్సరానికి 1,08,000. యజమాని ఆ 7 లక్షలను 7 శాతం డిపాజిట్‌లో వేస్తే వచ్చేది 49,000, నష్టం. గృహరుణంలో కడితే 9 శాతం చొప్పున మొదటి ఏడాది 63,000 వడ్డీ ఆదా, ఇదీ తక్కువే. అదే యజమాని నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి బయట అప్పు తెచ్చి ఉంటే? ఆ అప్పు తీర్చడం వల్ల 1,68,000 మిగులుతుంది. భోగ్యం ఎవరికి లాభమో ఇప్పుడు తెలిసింది: బయట అప్పుల్లో ఉన్న యజమానికి. అందుకే భోగ్యానికి వెళ్లే అద్దెదారు ముందుగా అడగవలసిన ప్రశ్న, ఈ యజమానికి ఇంత డబ్బు ఇప్పుడే ఎందుకు కావలసివచ్చింది?

చట్టం దృష్టిలో ఇలాంటి ఏర్పాటు స్వాధీన తనఖా లక్షణాలు కలిగి ఉంటుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 58(డి) దాన్ని నిర్వచిస్తుంది. సెక్షన్ 59 ప్రకారం వంద రూపాయలు, ఆపై మొత్తానికి చేసే ఇటువంటి తనఖా రిజిస్టరు కావాలి. ఆచరణలో వంద రూపాయల స్టాంపు కాగితంపై నలుగురు సంతకాలు చేసి సరిపెడతారు. గొడవ వస్తే ఆ కాగితాన్ని తనఖాకు రుజువుగా కోర్టు తీసుకోదు. తక్కువ స్టాంపుకు జరిమానా కూడా పడుతుంది. అంతకంటె పెద్ద ప్రమాదం, ఆ ఇల్లు అప్పటికే బ్యాంకు తనఖాలో ఉండడం. యజమాని వాయిదాలు ఎగ్గొడితే 2002 సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకొంటుంది. భోగ్యదారు ఏడు లక్షలూ, ఇల్లూ రెండూ పోగొట్టుకొన్న స్థితిలో వీధిలో నిలబడతాడు. మీలో చాలామంది ఇప్పుడు అద్దెదారులే అయి ఉంటారు కనుక ఈ విభాగాన్ని రెండు వైపులనుంచీ చదవండి.

యజమాని వైపున కూడా ఒక ఉచ్చు ఉంది. తీసుకొన్న ఏడు లక్షలు ఖర్చయిపోతే, మొదటి అద్దెదారుకు తిరిగి ఇవ్వడానికి రెండో అద్దెదారు దొరకాలి. దొరకకపోతే మొదటివాడు అద్దె కట్టకుండా అలాగే ఉంటాడు. ఖాళీ చేయమని చెప్పే నైతిక బలం యజమానికి ఉండదు.

9.6 ఒప్పందం, ఖాళీ చేయించడం

పదకొండు నెలల ఒప్పందం ఎందుకు రాస్తారు? ఏడాదికి మించిన కాలానికి, లేదా సాలు అద్దె నిర్ణయించి ఇచ్చే లీజు రిజిస్టరు కావాలని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలలు. అంతే తప్ప, 'ఏడాది దాటితే ఇల్లు అద్దెకున్నవాడిదే అవుతుంది' అన్న భయానికి ఆధారం లేదు. అద్దెదారుగా ఇంట్లోకి వచ్చినవాడు తన అద్దెకాలంలో యజమాని హక్కునే కాదనలేడు. అయితే అద్దె ఒప్పందమూ, రసీదులూ, బ్యాంకు జమలూ ఏవీ లేకపోతే, అతడు అద్దెదారేనని రుజువు చేయడమే కష్టమవుతుంది. బంధువని, తెలిసినవాడని కాగితం లేకుండా ఇచ్చిన ఇళ్ల దగ్గరే ఈ కష్టం ఎక్కువ.

కాలపరిమితి రాయని నెలవారీ అద్దెను ముగించడానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద పదిహేను రోజుల నోటీసు కావాలి. పట్టణాల్లో అద్దె వివాదాలకు చాలాకాలం 1960 అద్దె నియంత్రణ చట్టం వర్తించింది. ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర భవనాల అద్దె చట్టం చేసింది. ఏ చట్టం కిందనైనా యజమాని తాళం పగలగొట్టడం, కరెంటు, నీళ్లు ఆపేయడం ద్వారా ఖాళీ చేయించకూడదు. కోర్టుకు వెళ్లకుండా తేలే తగాదాలే ఎక్కువ. అవి తేలేది మొదటిరోజు రాసుకొన్న వివరాల వల్ల. కరెంటు మీటరు రీడింగు, అడ్వాన్సు ఎంత, అందులోంచి రంగులకు ఎంత కోస్తారు, నీళ్ల బిల్లు ఎవరిది, ఏటా అద్దె ఎంత పెంచుతారు - ఇవి రాసుకోండి.

యాత్రికులకు రోజువారీ గదులుగా ఇవ్వాలన్న ఆలోచన తిరుపతిలో ప్రతి యజమానికీ ఒకసారైనా వస్తుంది. అప్పుడది ఇల్లు కాదు, వ్యాపారం. విద్యుత్ కేటగిరీ, ఆస్తిపన్ను, లైసెన్సులు, ఆదాయపన్ను శీర్షిక అన్నీ మారతాయి. నెల అద్దెతో పోల్చేటప్పుడు దుప్పట్లు ఉతకడం నుంచి రాత్రి రెండింటికి తలుపు తీసే మనిషి జీతం దాకా లెక్కలో వేయాలి.

9.7 పన్ను

ఇక్కడ ఇచ్చిన సెక్షన్లు 1961 ఆదాయపన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సంఖ్యలు మారాయి.

మన ఉదాహరణలో అందిన అద్దె 1,98,000. యజమాని కట్టిన ఆస్తిపన్ను 12,000 తీసివేస్తే 1,86,000. ఇందులో 30 శాతం, అంటే 55,800, మరమ్మతుల పేరిట నేరుగా తగ్గిస్తారు. నిజంగా ఎంత ఖర్చయిందో చూడరు. మిగిలేది 1,30,200. మొదటి ఏడాది గృహరుణ వడ్డీ సుమారు 3,57,000 తీసివేస్తే 2,26,800 నష్టం. పాత పన్ను విధానంలో ఇందులో 2 లక్షల దాకా జీతం ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. మిగతాది ఎనిమిదేళ్ల వరకు ఇంటి ఆదాయంతో సర్దుబాటు చేసుకోవచ్చు. కొత్త విధానంలో ఈ నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేయడం కుదరదు. కాబట్టి 'ఇంటి అప్పు తీసుకొంటే పన్ను తగ్గుతుంది' అన్న పాత సలహా మీరు ఏ విధానంలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

కొనేటప్పుడు ధర 50 లక్షలు, ఆపై ఉంటే కొనేవాడే 1 శాతం టి.డి.ఎస్. మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. మొత్తం ధరపైన కట్టాలి, 50 లక్షలకు మించిన భాగంపైనే కాదు. మన ఉదాహరణలో 60,000. మరచిపోతే వడ్డీతో సహా భారం కొన్నవాడిపైనే పడుతుంది. స్థిరాస్తి లావాదేవీలో 20,000, ఆపై నగదు అడ్వాన్సు తీసుకోవడాన్ని సెక్షన్ 269ఎస్ఎస్ నిషేధిస్తుంది. తీసుకొన్నవాడికి అంతే మొత్తం జరిమానా. 'కొంత వైటు, కొంత బ్లాకు' బేరాల్లో మరో నష్టం ఉంది. ఇవాళ దస్తావేజులో తక్కువ రాయించుకొన్నవాడు రేపు అమ్మేటప్పుడు లాభం ఎక్కువ చూపి పన్ను కడతాడు.

రెండేళ్లకు మించి ఉంచుకొని అమ్మితే దీర్ఘకాలిక మూలధన లాభం. 2024 జూలై 23 నుంచి దీనిపై పన్ను 12.5 శాతం, ద్రవ్యోల్బణ సూచీ సర్దుబాటు లేకుండా. ఆ తేదీకి ముందు కొన్న స్థలం, ఇల్లు అయితే దేశంలో నివసించే వ్యక్తులు పాత పద్ధతిలో సూచీతో 20 శాతం లెక్క వేసుకొని ఏది తక్కువైతే అది కట్టవచ్చు. తాతల నాటి ఇంటిని అమ్మేవారు రెండు లెక్కలూ వేసి చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2: పై ఉదాహరణలో అప్పు 40 లక్షలకు బదులు 20 లక్షలయితే నెలవారీ లోటు ఎంత?

9.8 అభ్యాసం

మీ వీధిలో అద్దెకిచ్చిన ఒక ఇంటి యజమానితోనూ, అందులో ఉంటున్నవారితోనూ విడివిడిగా మాట్లాడండి. ఇంటి ప్రస్తుత ధర, అద్దె, గత ఏడాది ఖాళీగా ఉన్న నెలలు, మరమ్మతుల ఖర్చు అడిగి నికర రాబడి శాతం కట్టండి. ఒప్పందం కాగితం ఎవరి దగ్గరుందో, ఎప్పటిదో నమోదు చేయండి. ఇల్లు భోగ్యానికి ఇచ్చినదయితే ఆ మొత్తాన్ని యజమాని దేనికి వాడారో, గడువు తీరాక ఎలా తిరిగి ఇస్తారో అడగండి. ఇద్దరి జవాబులూ పక్కపక్కన రాసి, పేర్లు లేకుండా రెండు పుటల నివేదికగా మీ అధ్యయన కేంద్రం కౌన్సెలరుకు ఇవ్వండి.